వీణ పక్కన పెట్టేసిన ఇనాయత్ ఖాన్ గురించి

ఒరేయ్ మామా,

మొన్న ఫోన్‌లో నువ్వు "వయొలిన్ క్లోజెట్‌లో పైకి ఎక్కించేశా రా, ఇంక తీయను" అన్నావు చూడు, నాలుగు రోజులైంది, ఆ మాట నన్ను వదలట్లేదు. అప్పుడేం చెప్పాలో తెలీక ఊ కొట్టి పెట్టేశా. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా, కాస్త పెద్ద ఉత్తరమే, టీ పెట్టుకుని కూర్చో.

ఇనాయత్ ఖాన్ గురించి నీకెప్పుడైనా చెప్పానా? సితార్ విలాయత్ ఖాన్ వాళ్ళ నాన్న కాదు, ఆయన వేరు. ఈయన వీణ. 1882 జూలై 5న బరోడాలో పుట్టాడు. తాత మౌలా బక్ష్ హిందుస్తానీ మనిషే గానీ దక్షిణాదికి వచ్చి మన కర్ణాటక సంగీతం కూడా పట్టుదలగా నేర్చుకున్నాడు, తర్వాత బరోడా రాజు సయాజీరావు గాయక్వాడ్ అండతో 1886లో బరోడాలో గాయనశాల పెట్టి, పాటని రాసి నేర్పడానికి సొంతంగా ఒక స్వరలిపి కూడా తయారుచేశాడు. ఇప్పుడు బరోడా యూనివర్సిటీలో ఉన్న మ్యూజిక్ కాలేజీ అదే. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి రెండు సంగీతాలూ చెవిలో పడుతూనే ఉంటాయి కదా. చిన్న వయసులోనే అక్కడే పాఠాలు చెప్పేవాడు, ఊళ్ళు తిరిగి కచేరీలు చేసేవాడు, మెడల్స్ మీద మెడల్స్.

అసలు కథ మన హైదరాబాద్‌లో జరిగింది రా. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఈ కుర్రాడి పాట విని కదిలిపోయి, నువ్వు మా కాలం తాన్‌సేన్‌వి అని చేతి ఉంగరం తీసి ఇచ్చాడని చెప్తారు. ఇంకొకడైతే అక్కడే దర్బారులో సెటిలైపోయేవాడు. ఈయనకి మాత్రం లోపల ఇంకేదో వెతుకులాట. ఒక పెద్దాయన ఇంట్లో కూర్చుని ఉంటే సయ్యద్ అబూ హాషిమ్ మదనీ అనే సూఫీ గురువు, చిష్తీ సంప్రదాయం ఆయనది, లోపలికి వచ్చాడట, అంతకుముందు ధ్యానంలో కనబడిన ముఖమే అది అని గుర్తుపట్టేశాడు. అప్పట్నుంచి ఆయన చుట్టూనే తిరిగాడు.

ఇక్కడ ఒక చిన్న సంగతి ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. నెలలు గడిచినా గురువుగారు మామూలు కబుర్లే తప్ప తత్వం మాట ఎత్తలేదు. ఒకరోజు ఎత్తాడు. ఇనాయత్ ఖాన్‌కి ప్రాణం లేచొచ్చి, ఒక్క ముక్క కూడా పోకూడదని జేబులోంచి నోట్‌బుక్ తీశాడు. గురువుగారు ఆ పుస్తకం చూశాడు, అంతే, వెంటనే మాట మార్చేసి మళ్ళీ వేరే కబుర్లలో పడ్డాడు. కాగితం మీద కాదు, లోపల రాసుకో అని నోటితో చెప్పకుండానే చెప్పాడన్నమాట. మనకి పాఠం చెప్పేటప్పుడు పంతులుగారు "పుస్తకం మూసెయ్, నా నోరు చూడు" అనేవారు, గుర్తుందా, ఇది చదివినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చారు, కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

1907లో మదనీగారు పోయారు. పోయే ముందు, నీ సంగీతంతో తూర్పునీ పడమరనీ కలుపు అని శిష్యుడికి పని అప్పజెప్పి వెళ్ళారు. తర్వాత కలకత్తా. అక్కడే 1909లో గ్రామఫోన్ కంపెనీకి పాటలు రికార్డు చేశాడు, అవి ఇప్పటికీ దొరుకుతున్నాయి. రాత్రి లైట్లన్నీ ఆపేసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా. ముందు చరచరమని రికార్డు గీసుకునే చప్పుడు, ఆ చప్పుడులోంచి ఒక పదునైన గొంతు వస్తుంది, ఒక్కో రికార్డుకి మూడు నిమిషాలే టైము కాబట్టి రాగాన్ని తొందరగా ముడేసి ఇచ్చేస్తాడు, అయినా ఎక్కడా శ్రుతి జారదు. ఆ కలకత్తాలోనే మెడల్స్ పెట్టె బండిలో మర్చిపోయి పోగొట్టుకున్నాడు. ఎంత వెతికినా దొరకలేదు. ముందు కుమిలిపోయాడు, తర్వాత ఇది పైనుంచి వచ్చిన కబురు అనుకున్నాడు.

1910 సెప్టెంబర్ 13న తమ్ముడు మెహబూబ్ ఖాన్, కజిన్ మహమ్మద్ అలీ ఖాన్‌తో బొంబాయిలో ఓడెక్కి అమెరికా వెళ్ళాడు. అక్కడ రూత్ సెయింట్ డెనిస్ అనే అమెరికన్ డాన్సర్ షోల్లో వెనక కూర్చుని వాయించాల్సి వచ్చింది. దర్బారులో రాజు ఎదురుగా పాడినవాడు, ఇక్కడ స్టేజికి అలంకారంగా కూర్చోబెట్టారు. ఎంత బాధపడి ఉంటాడో నువ్వు ఊహించగలవు, నువ్వూ ఆ దేశంలో వాయించినవాడివే. తర్వాత అమెరికా అమ్మాయి ఓరా రే బేకర్‌ని పెళ్ళి చేసుకున్నాడు, 1914 జనవరి 1న మాస్కోలో మొదటి కూతురు నూర్ పుట్టింది, ఆ ఏడాదే యుద్ధం మొదలై లండన్‌లో ఉండిపోయారు. ఆ యుద్ధం రోజుల్లోనే కచేరీలు తగ్గి, సూఫీ తత్వం మీద ప్రసంగాలు పెరిగాయి. మెల్లగా వీణ ముట్టుకోవడం మానేశాడు.

ఎందుకు మానేశాడో ఆయనే చెప్పాడు. సంగీతం నుంచి పొందాల్సిందంతా పొందాను, సేవ చెయ్యాలంటే అన్నిటికంటే ప్రియమైనదాన్ని ఇవ్వాలి, అందుకని దాన్నే ఇచ్చాను, ఇప్పుడు వాయిద్యాలకి బదులు మనుషుల్ని శ్రుతి చేస్తున్నా అన్నది దాని సారాంశం. మామా, నాకు దీంతో పేచీ ఉంది. వీణ బిరడాలు తిప్పిన వేళ్ళకి ఆ ఖాళీ ఎలా ఉంటుందో తెలిసినవాణ్ణి, నా బొబ్బిలి వీణ నెల రోజులు గుడ్డ కప్పే ఉంటే ఇంట్లో ఎవరో అలిగి కూర్చున్నట్టు ఉంటుంది నాకు. కానీ ఆయన మాటలు చదువుతూ పోయేకొద్దీ అర్థమైంది, పాట ఎక్కడికీ పోలేదు.

ఎలాగంటే, ఆయన కాగితం చూసి మాట్లాడేవాడు కాదు. అప్పటికప్పుడు ఏది వస్తే అదే, అదీ పెద్దయ్యాక నేర్చుకున్న ఇంగ్లీషులో. ఒక చిన్న మాట తీసుకుని, దాని చుట్టూ తిరిగి, కొంచెం పైకెళ్ళి, మళ్ళీ ఆ మాట దగ్గరికే వచ్చి ఆగడం. అది ఆలాపన కాక ఇంకేంటి చెప్పు! పారిస్ పక్కన సురేన్‌లో ప్రతి వేసవిలో ఇలా మాట్లాడుతుంటే సకీనా ఫర్నీ అనే డచ్ శిష్యురాలు షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునేది. నోట్‌బుక్ తీస్తే మాట మార్చేసిన గురువుకి శిష్యుడైనవాడి మాటలన్నీ నోట్‌బుక్కుల వల్లే మనదాకా వచ్చాయి. అది తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

1926 చివర్లో ఇండియా తిరిగొచ్చి, 1927 ఫిబ్రవరి 5న ఢిల్లీలో పోయాడు. 44 ఏళ్ళే. నిజాముద్దీన్ ఔలియా దర్గాకి దగ్గర్లోనే ఆయన దర్గా, శుక్రవారాలు ఖవ్వాలీ పాడతారు.

నూర్ సంగతి నీకు తెలిసే ఉంటుంది, రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో బ్రిటిష్ వాళ్ళ రహస్య వైర్‌లెస్ ఆపరేటర్‌గా పనిచేసి నాజీలకి దొరికిపోయింది. డాఖౌ నిర్బంధ శిబిరంలో చంపేశారు, 1944 సెప్టెంబర్ 13న. నాన్న ఓడెక్కిన తేదీయే. ఆ పిల్ల చిన్నప్పటి ఫొటో ఒకటి ఉంది, కింద కూర్చుని వీణ పట్టుకుని ఉంటుంది. నాన్న మానేశాడు, కూతురు ఒళ్ళో పెట్టుకుంది. ఆ ఫొటో చూసినప్పట్నుంచే నీకు ఉత్తరం రాయాలని అనిపించింది.

నువ్వు వాయించు అని నేను అనను రా. ఉద్యోగం, ఆ నొప్పి చెయ్యి, అన్నీ నాకు తెలుసు. ఆ కేసు మాత్రం పైనుంచి దించి కింద పెట్టు, పాప చేతికి అందేలా. వచ్చే నెల మా అక్క డల్లాస్ వస్తోంది, తనతో తీగలూ, కమానుకి రాసే రోజిన్ డబ్బా పంపిస్తున్నా.

ఉంటా మరి. రికార్డుల లింకు వాట్సాప్‌లో పెట్టా, రాత్రి పూటే విను.

నీ
మామ