పాత ఇండ్లను విప్పి దాచుకోలేమా?

సంపాదకులకు,

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో గూనపెంకుల ఇండ్లను పడగొట్టి, టేకు దూలాలను, దర్వాజలను అమ్ముకుంటున్న తీరు చూస్తుంటే, బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతం తన రైతు ఇండ్లను కాపాడుకున్న పద్ధతి ప్రస్తావించదగినదనిపిస్తోంది.

కార్డిఫ్ శివారులోని సెయింట్ ఫేగన్స్‌లో 1948లో ప్రారంభమైన ఆరుబయలు మ్యూజియంలో కెనిక్స్‌టన్ అనే రైతు ఇల్లు ఉంది. గోవర్ ద్వీపకల్పంలో 1610 ప్రాంతంలో కట్టగా, తర్వాతి తరాలవారు పెంచుకుంటూ పోయిన ఆ ఇంటిని ఊడదీసి తెచ్చి, తిరిగి నిలబెట్టి, 1955లో సందర్శకులకు తెరిచారు. మందపాటి రాతిగోడలు, గడ్డి కప్పు, పొయ్యి పక్కనే అలమర మాదిరిగా చెక్కతో అమర్చిన పడక అందులో చూడదగ్గవి. గోడలకు బయట పూసిన ముదురు ఎరుపు దుష్టశక్తులను దరిచేరనివ్వదని అక్కడి నమ్మకం. గడపకు, అరుగుకు జాజు పూసుకునే మనకు ఇది వింతగా తోచదు. అదే ఆవరణలోని కిలెవెంట్ ఇంట్లోనైతే మనుషుల గదులు, పశువుల కొట్టం ఒకే కప్పు కింద ఉంటాయి.

విప్పి కట్టడం మనకు చేతకాని పనేమీ కాదు. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని రాళ్లన్నీ విడదీసి, పునర్నిర్మించి 2024లో తెరిచారు కదా! రైతు ఇంటికి గుడికున్నంత గౌరవం లేకపోవడమే అసలు చిక్కు. యజమాని కూల్చదలచిన ఇంటిని, అతని సమ్మతితో, కొలతలు, ఫొటోలు తీసి, దూలానికీ దూలానికీ అంకె వేసి, గరిసెతో, కొట్టంతో సహా హనుమకొండలో ఒక ప్రభుత్వ స్థలానికి తరలించే పనిని రాష్ట్ర పురావస్తు శాఖ ఒక్క ఇంటితోనైనా మొదలుపెట్టాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, హనుమకొండ