నీళ్లెక్కువైన ఎడారి నుంచి

ఒరేయ్ శీనూ,

ఈజిప్టులో సీవా అనే ఒయాసిస్సులో, ఒక చవక హాస్టల్ మేడ మీద కూర్చుని రాస్తున్నాను. కైరో నుంచి రాత్రంతా బస్సు. చెక్‌పోస్టుల దగ్గర లేపి పాస్‌పోర్టులు అడుగుతారు, ఇక నిద్రెక్కడిది! ఇంకో 50 కిలోమీటర్లు పోతే లిబియానే.

ఒయాసిస్సంటే ఇసుకలో ఓ నీటిగుంట, పక్కన నాలుగు ఖర్జూరం చెట్లు అనుకుంటాం కదా? ఇక్కడ నీళ్లెక్కువై చస్తున్నార్రా బాబూ. ఊరు సముద్రమట్టానికి దాదాపు 20 మీటర్లు కిందుంది. వేల ఏళ్ల నాటి వాననీరు భూమిలోంచి ఊటలై పైకొస్తుంది. తోటలకి పారగా మిగిలింది బయటికి పోయే దారి లేక పల్లంలో చేరి, ఎండకి ఇగిరి ఉప్పు చెరువులవుతుంది. ఆ ఉప్పు ఖర్జూరం, ఆలివ్ తోటల వేళ్లకి చేరిందా, చెట్టు పని అయిపోయినట్టే. రైతు అలా ఏడుస్తుంటే, మనలాంటివాళ్లం ఉప్పు గుంటల్లో తేలుతూ ఫోటోలు దిగుతాం. నేనూ తేలాను, అబద్ధమెందుకు? మునుగుదామన్నా మునగవు. కాలు గీరుకున్న చోట మాత్రం భగ్గుమంది.

ఇళ్లూ ఉప్పువే. ఉప్పుగడ్డలూ మట్టీ కలిపి కట్టే గోడని కెర్షెఫ్ అంటారు. బయట మాడిపోతున్నా లోపల చల్లగా ఉంటుంది, ఏసీ లేని హాస్టల్‌కి అంతకన్నా ఏం కావాలి! వాన పడితే మాత్రం కరుగుతుంది. గుట్ట మీద జనం కాపురమున్న 13వ శతాబ్దపు షాలీ కోట 1926 వానలకి అలాగే పాడైపోయింది, వాళ్లు కిందికొచ్చి ఇళ్లు కట్టుకున్నారు. మా మేడ మీంచి అది సగం కరిగిన కొవ్వొత్తిలా కనిపిస్తోంది.

సైకిలు అద్దెకి తీసుకుని పాతకాలపు ఈజిప్టు దేవుడు అమున్ గుడికీ వెళ్లొచ్చా. క్రీ.పూ. 331లో అలెగ్జాండర్ జోస్యం అడగడానికి వచ్చింది ఇక్కడికే. ఏం విన్నాడో తిరిగొచ్చాక నీకొక్కదానికే చెబుతానని తల్లికి ఉత్తరం రాశాడట, పాతకాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ అంటాడు. పాపం, అలెగ్జాండర్ ఇల్లు చేరితేగా!

హాస్టల్ గురించి చెప్పడానికేముంది: గురకలు, వంతులేసుకునే బాత్రూమ్, ఇన్ని నీళ్లున్నాయి కాబట్టి దోమలు. అయినా పక్క మంచాలవాళ్లతో జీపు ఖర్చు పంచుకోవచ్చు, హోటల్లో ఆ వీలు లేదు. ఇసుక దిబ్బల్లోకి పర్మిట్ కావాలి, అది వీళ్లే తీసిపెడతారు.

వస్తే చలికాలంలో రా. పగలు హాయిగా ఉంటుంది, రాత్రి మాత్రం వణికిస్తుంది, స్వెట్టర్ మర్చిపోకు. లాకర్‌కి తాళంకప్ప కూడా. టికెట్టు తీసేముందు నాకో మాట చెప్పు, కింది మంచం పట్టి ఉంచుతాను.

ఉంటాను,
నీ రాము