సోహో పాటల నడక: వచ్చే నెల నుంచి ఏమి మారుతోంది, ఎందుకు మారుతోంది

మా నడకకు ఇదివరకు వచ్చినవారికి, రాబోయే వారాలకు ఇప్పటికే పేర్లు నమోదు చేసుకున్నవారికి నమస్కారం. లండన్‌లోని సోహో వీధుల్లో తిరుగుతూ రాక్, పాప్ సంగీత చరిత్రను తెలుగులో చెప్పే మా చిన్న వ్యాపారంలో వచ్చే నెల నుంచి కొన్ని మార్పులు జరుగుతున్నాయి. బీటిల్స్ బృందం ఆల్బమ్ అట్టతో పేరు పొందిన యాబీ రోడ్‌ను దారిలోంచి తీసేస్తున్నాం, ఒక్కో బృందంలో పది మందికి మించి చేర్చుకోబోవడం లేదు, మనిషికి 18 పౌండ్లుగా ఉన్న రుసుమును 22 పౌండ్లు చేస్తున్నాం. అందరికీ తెలిసిన ఒకే ఒక్క చోటును తీసేసి, పైగా ధర పెంచితే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది కనుక, కారణాలను దాపరికం లేకుండా రాస్తున్నాను.

ముందుగా యాబీ రోడ్ సంగతి. అది సోహోలో లేదు. సోహోలో మొదలైన నడకను మధ్యలో ఆపి, అందరినీ భూగర్భ రైలు ఎక్కించి, సెయింట్ జాన్స్ వుడ్‌లో దింపి, జీబ్రా గీతల మీద ప్రతి కుటుంబానికీ ఫొటో తీసి వెనక్కి వచ్చేసరికి గంటన్నర పోతుంది. అక్కడ చెప్పవలసిన కథ మాత్రం పది నిమిషాలదే. 1969 ఆగస్టు 8న ఒక పోలీసు వాహనాలను ఆపి ఉంచగా ఇయన్ మెక్‌మిలన్ రోడ్డు మధ్యలో నిచ్చెన ఎక్కి ఆరు ఫొటోలు తీశాడు, వాటిలో ఒకటి బీటిల్స్ ఆల్బమ్ అట్ట మీదికి ఎక్కింది, 2010లో ఆ దాటుదారిని ప్రభుత్వం వారసత్వ జాబితాలో చేర్చింది. జూబిలీ లైనులో సెయింట్ జాన్స్ వుడ్ స్టేషనులో దిగి కాసేపు నడిస్తే ఎవరి సాయమూ లేకుండా మీరే వెళ్ళి రావచ్చు. యాబీ రోడ్ పేరుతోనే తూర్పు లండన్‌లో డీఎల్ఆర్ అనే తేలికపాటి రైలు మార్గంలో ఒక స్టేషను ఉంది, పొరపాటున అక్కడ దిగకండి, అది ఈ దాటుదారికీ, దాని పక్కనున్న రికార్డింగ్ స్టూడియోకూ మైళ్ళ దూరం. ఇంకొక మాట: ఆ దాటుదారి వైపు స్టూడియోవారు ఒక వెబ్‌క్యామ్ పెట్టి ఉంచారు కనుక, మీరు రోడ్డు దాటే సమయం ముందే చెబితే గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న పెద్దవాళ్ళు ఫోనులో మిమ్మల్ని చూడగలుగుతారు. దానికి మేము రుసుము తీసుకోవడం న్యాయం కాదు.

మాకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు వేరే ఉంది. "ఇక్కడ చూడటానికి ఏముంది?" అని నడక సగంలో ఎవరో ఒకరు అడుగుతారు, చాలాసార్లు అడిగేది ఇండియా నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన తండ్రిగారే అయి ఉంటారు. ఆ ప్రశ్న సబబైనదే. సోహోలో పాట పుట్టిన గదుల్లో చాలావాటి తలుపులు మనకు తెరుచుకోవు. కొన్ని హోటళ్ళయ్యాయి, కొన్ని ఆఫీసులయ్యాయి, కొన్నిచోట్ల గోడకు బిగించిన ఫలకం తప్ప మరేమీ లేదు. అందుకే కొత్త దారిలో చోట్ల సంఖ్యను తగ్గించి, నిలబడి కథ వింటే కళ్ళ ముందున్న గోడకు అర్థం తెలిసే చోట్లనే ఉంచాం.

మొదటిది డెన్మార్క్ స్ట్రీట్. టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ స్టేషనుకు కూతవేటు దూరంలో ఉన్న ఈ పొట్టి వీధిలో 1911లో లారెన్స్ రైట్ పాటల ప్రచురణ దుకాణం పెట్టాడు, మెలొడీ మేకర్ పత్రికను 1926లో మొదలుపెట్టింది కూడా ఆయనే. ఆ తరువాత ప్రచురణకర్తలు, పాట రాసేవారు, రికార్డు చేసేవారు, వాద్యాలు అమ్మేవారు ఒకరి పక్కన ఒకరు చేరారు. ఒకప్పటి మద్రాసు కోడంబాక్కం గురించి విన్న మనవాళ్ళకు ఈ వీధిని వేరే వివరించనక్కరలేదు, పని కోసం వచ్చినవాడు ఒక మెట్టు దిగి పక్క మెట్టు ఎక్కితే చాలు. తరువాతి కాలంలో ఎల్టన్ జాన్ అయిన రెజినాల్డ్ డ్వైట్ ఇక్కడి మిల్స్ మ్యూజిక్ సంస్థలో కుర్రవాడిగా చిల్లర పనులు చేశాడు. 4వ నంబరులో ఉన్న రీజెంట్ సౌండ్స్ అనే ఇరుకైన స్టూడియోలో రోలింగ్ స్టోన్స్ తమ మొదటి ఆల్బమ్‌ను 1964లో రికార్డు చేశారు. ప్రతిధ్వనిని అణచడానికి ఆ గదికి గుడ్ల అట్టలు అతికించి ఉండేవని చెబుతారు. ఇప్పుడు అదే పేరుతో అక్కడ గిటార్ల దుకాణం ఉంది. లోపలికి వెళ్ళి గిటార్లు చూడవచ్చు, కానీ కొనే ఉద్దేశం లేనివారు పది మంది ఒకేసారి దూరితే దుకాణంవారికి ఇబ్బంది కనుక ఇద్దరిద్దరుగా పంపుతాం.

అక్కడినుంచి ఒక్క తలుపు దాటి 6వ నంబరు దగ్గర ఎక్కువసేపు నిలబడతాం. పదిహేడో శతాబ్దం చివర కట్టిన ఇల్లు అది. దాని వెనకనున్న చిన్న కట్టడంలో 1970ల నడుమ సెక్స్ పిస్టల్స్ బృందం సాధన చేసింది, కొందరు అక్కడే పడుకునేవారు కూడా. గాయకుడు జాన్ లైడన్ గోడల మీద తన తోటివారిని, చుట్టుపక్కలవారిని వెక్కిరిస్తూ బొమ్మలు గీశాడు. దశాబ్దాల తరువాత ఆ బొమ్మలను చెరపకుండా ఉంచాలా, వాటికి విలువ ఉందా అన్న ప్రశ్న వచ్చింది, 2016లో ఆ కట్టడం వారసత్వ జాబితాలో రెండవ శ్రేణిలోని పై మెట్టుకు చేరడంతో దానికి జవాబు దొరికింది. దేశపు మర్యాదలన్నిటినీ ఎగతాళి చేసిన కుర్రవాడి గోడ రాతలను ఆ దేశపు చట్టమే కాపాడటం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. ఆ గది ఇప్పుడు ఒక హోటలులో భాగం, అందులో బస చేసినవారికి తప్ప ఇతరులకు ప్రవేశం లేదు. ఈ విషయం ముందే చెబుతున్నాను, అక్కడికి వచ్చాక నిరాశపడవద్దు.

ఓల్డ్ కాంప్టన్ స్ట్రీట్‌లోని 59వ నంబరు దగ్గర ఆగేది కొద్దిసేపే. 1950లలో టూ ఐస్ అనే కాఫీ హోటలు అక్కడి నేలమాళిగలో కుర్రవాళ్ళ చేత పాడించింది, టామీ స్టీల్, క్లిఫ్ రిచర్డ్ వంటివారు అక్కడినుంచే జనం నోట పడ్డారు. క్లిఫ్ రిచర్డ్ 1940లో లక్నోలో పుట్టాడని, ఆ కుటుంబం 1948లో ఇంగ్లండు చేరిందని చెప్పగానే మన పెద్దలు ఆ ఆకుపచ్చ ఫలకం వైపు మరోసారి చూస్తారు. పక్కనే ఉన్న ఫ్రిత్ స్ట్రీట్‌లో రానీ స్కాట్స్ జాజ్ క్లబ్బు ముందు ఒక పేరును గుర్తుపెట్టుకోమని అడుగుతాం: జిమీ హెండ్రిక్స్. 1970 సెప్టెంబరు 16న ఆయన చివరిసారిగా జనం ముందు గిటారు వాయించింది ఈ తలుపు వెనకే, రెండు రోజుల తరువాత చనిపోయాడు. ఆయన ఇంటి దగ్గరే మన నడక ముగుస్తుంది.

బృందాన్ని పది మందికి కుదించడానికి అసలు కారణం సెయింట్ యాన్స్ కోర్ట్. వార్డర్ స్ట్రీట్‌కు, డీన్ స్ట్రీట్‌కు నడుమ ఉన్న సన్నని సందు అది, ఇరవై మంది నిలబడితే దారి మూసుకుపోతుంది, పై అంతస్తులో కాపురముండేవారు కిటికీ తెరిచి విసుక్కోవడంలో తప్పు లేదు. ఆ సందులోని 17వ నంబరులో 1968లో ట్రైడెంట్ స్టూడియో తెరుచుకుంది. బీటిల్స్ మామూలుగా పాడే యాబీ రోడ్‌లోని ఈఎంఐ స్టూడియోలో అప్పటికి నాలుగు ట్రాకుల టేపు మీదనే పని నడుస్తోంది, అంటే గొంతులను, డ్రమ్ములను, పియానోను, గిటార్లను నాలుగు వరుసల్లోనే ఇరికించాలి, చోటు చాలకపోతే రెండు వరుసలను కలిపి ఒకటిగా మార్చుకోవాలి, ఒకసారి కలిపాక మళ్ళీ విడదీయడం ఉండదు. ట్రైడెంట్‌లో ఎనిమిది ట్రాకుల యంత్రం ఉంది. ఆ వెసులుబాటు కోసమే బీటిల్స్ 1968 జూలై 31న ఇక్కడికి వచ్చి "హే జూడ్" రికార్డు చేశారు, మరునాడు వాద్యబృందం వాయించింది, చివరి పల్లవికి చప్పట్లు కొట్టి గొంతు కలిపినవారిలో ఆ వాద్యకారులూ ఉన్నారు. గాయకుడు డేవిడ్ బౌయీ జిగ్గీ స్టార్‌డస్ట్ ఆల్బమ్ తయారైందీ ఈ గోడల మధ్యే, ఎల్టన్ జాన్, లూ రీడ్, తొలినాళ్ళ క్వీన్ బృందం పని చేసిందీ ఇక్కడే.

ఈ సందులో పాట వినిపించమని చాలామంది అడుగుతారు. స్పీకరులో వినిపించం. ఇరుగుపొరుగువారి సంగతి అలా ఉంచి, బహిరంగంగా పాట వినిపించడానికి అనుమతులూ చెల్లింపులూ ఉంటాయి, అవి మా స్థాయికి మించినవి. మీ ఫోను, మీ ఇయర్‌ఫోన్లు తెచ్చుకోండి, ఏ నిమిషం దగ్గర ఏమి వినాలో మేము చెబుతాం. పాట రెండో సగంలో ఒక్కొక్క వరుసా వచ్చి చేరుతూ ఉంటే, ఎనిమిది ట్రాకులు ఎందుకు కావలసి వచ్చాయో చెవికే తెలుస్తుంది.

బెర్విక్ స్ట్రీట్‌లో ఒయాసిస్ బృందపు 1995 ఆల్బమ్ అట్ట మీది వీధిని, పాత రికార్డుల దుకాణాలను చూస్తూ సాగిపోతాం, కొనదలచినవారు నడక అయ్యాక తిరిగి రండి. రీజెంట్ స్ట్రీట్ దాటితే హెడ్డన్ స్ట్రీట్. బౌయీ జిగ్గీ స్టార్‌డస్ట్ ఆల్బమ్ అట్టకు 1972 జనవరిలో బ్రయన్ వార్డ్ ఇక్కడ తీసిన ఫొటో నిజానికి నలుపు తెలుపుది, రంగులు తరువాత చేతితో వేశారు. 2012లో పెట్టిన ఫలకం మీద ఉన్నది మనిషి పేరు కాదు, బౌయీ కల్పించిన జిగ్గీ స్టార్‌డస్ట్ అనే పాత్ర పేరు. దాని వెనక వీధే సావిల్ రో. 3వ నంబరు కప్పు మీద 1969 జనవరి 30న బీటిల్స్ సుమారు 42 నిమిషాలు వాయించారు, బిల్లీ ప్రెస్టన్ కీబోర్డు మీద ఉన్నాడు, వీధి కిక్కిరిసిపోయి, దగ్గరలోని ఠాణా నుంచి పోలీసులు వచ్చారు. కింద నుంచి కప్పు కనపడదని ఫిర్యాదు చేసేవారికి నేను చెప్పేది ఒక్కటే, ఆ రోజు కింద గుమిగూడినవారికీ కనపడలేదు, వినపడింది.

ఇక ఫిర్యాదుకు తావులేని చోటు చివరిది. బ్రూక్ స్ట్రీట్‌లో 25వ నంబరు ఇంట్లో పద్దెనిమిదో శతాబ్దపు సంగీతకర్త హాండెల్ 1723 నుంచి 1759లో కన్నుమూసే వరకు ఉన్నాడు. పక్కనే 23వ నంబరు పై అంతస్తులో 1968, 1969లలో హెండ్రిక్స్ తన స్నేహితురాలితో అద్దెకు ఉన్నాడు. రెండిళ్ళూ కలిపి ఇప్పుడు మ్యూజియం, మరమ్మతుల తరువాత 2023 మేలో తిరిగి తెరిచారు. హెండ్రిక్స్ పడకగదిని అప్పటి ఫొటోల ఆధారంగా మళ్ళీ అమర్చారు: మంచం, తెరలు, నేల మీద తివాచీలు, గిటారు. పక్కింట్లో ఎవరుండేవారో తెలిశాక ఆయన హాండెల్ రికార్డులు కొనుక్కుని విన్నాడని కూడా అక్కడే తెలుసుకుంటారు. ఇక్కడ మాత్రం లోపలికి వెళ్ళవచ్చు, కాళ్ళ కింద నేల, తలుపు, కిటికీ అన్నీ ఉన్నాయి. మ్యూజియం టికెట్టు మా రుసుములో చేరి లేదు, దానిని విడిగా కొనుక్కోవాలి, మ్యూజియం మూసి ఉండే రోజుల్లో మేము నడక పెట్టం.

పశ్చిమ లండన్‌లోని హామర్‌స్మిత్‌ను ఎందుకు కలపరని ఇళయరాజా అభిమానులు అడుగుతున్నారు. 2025 మార్చి 8న ఆయన తన సింఫనీని వినిపించిన అపోలో థియేటరు, 1973 జూలై 3న బౌయీ జిగ్గీ పాత్రకు వీడ్కోలు చెప్పిన హామర్‌స్మిత్ ఓడియన్ ఒకటే, ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకూ ఉత్సాహం వస్తుంది. అయినా అది యాబీ రోడ్‌లాగే దూరం. తగినంతమంది ఆసక్తి చూపితే దానికి వేరే నడక ఆలోచిస్తాం.

ధర విషయానికి వస్తే, బృందం చిన్నదైతే ఒక్కొక్కరి మీద భారం పెరుగుతుంది, అది లెక్క. దానికి తోడు ఒక బుకింగ్ వెబ్‌సైటు (పేరు రాయను) మీరు కట్టే డబ్బులో దాదాపు నాలుగో వంతు తన వాటాగా తీసుకుంటోంది. అక్కడ మా పేరు కనపడకపోతే కొత్తవారు రారు కనుక దానిని పూర్తిగా వదులుకోలేం. కానీ నేరుగా మాకు సందేశం పంపి నమోదు చేసుకున్నవారికి 20 పౌండ్లే తీసుకుంటాం. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు ఎప్పటిలాగే రుసుము లేదు, అయితే వారినీ పది మందిలోనే లెక్కిస్తాం. పాత ధరకు ఇప్పటికే చెల్లించినవారి దగ్గర అదనంగా ఏమీ అడగం, యాబీ రోడ్ కోసమే నమోదు చేసుకున్నవారు కోరితే మొత్తం డబ్బు వాపసు ఇస్తాం.

నడక మొత్తం సుమారు మూడు కిలోమీటర్లు, మధ్యలో కూర్చునే విరామంతో కలిపి రెండున్నర గంటలు పడుతుంది. జల్లు పడినా నడక ఆగదు, జోరువాన అయితే తేదీ మారుస్తాం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు వస్తుంటే ముందుగా చెప్పండి, విరామాలు పెంచుతాం. కలుసుకునే చోటు ఇకపై డెన్మార్క్ స్ట్రీట్ మొదట్లో, చేరింగ్ క్రాస్ రోడ్ వైపు మలుపు దగ్గర. బయలుదేరడం సరిగ్గా ఉదయం పదిన్నరకు. పదకొండు దాటితే గిటార్ల దుకాణంలోకి కొనుగోలుదారులు రావడం మొదలవుతుంది.