వార్షిక నివేదిక 2025: ఈసారి ఉన్ని మిల్లు దాకా

ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఉన్న మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి కాబట్టి సాగదీయను. హాలు అద్దె పెరిగింది, భోజనాల దగ్గర క్యూ మాత్రం తగ్గలేదు. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంపుతున్నారు.

ఎక్కువ చోటు వేసవిలో వెళ్లిన బ్రాడ్‌ఫర్డ్ ఇండస్ట్రియల్ మ్యూజియానికి ఇస్తున్నాను. కార్యవర్గంలో కొందరు "పిల్లలకి బోర్ కొడుతుంది, బీచ్‌కి పోదాం" అన్నారు. ప్రవేశం ఉచితం అనగానే చర్చ ముగిసింది.

ఎకిల్స్‌హిల్‌లోని మూర్‌సైడ్ మిల్లు అది. 1875 ప్రాంతంలో కట్టారు, 1974 నుంచి మ్యూజియంగా ఉంది. ఇక్కడ వడికింది వర్‌స్టెడ్ నూలు. ఉన్నిని ఇనుప పళ్ల దువ్వెనలతో దువ్వి, పొట్టి పోగులు తీసేసి, పొడుగువాటిని ఒకే వరసలో పెట్టి వడికితే నున్నటి గట్టి దారం వస్తుంది. మంచి సూటు గుడ్డ దాంతోనే నేస్తారు. మామూలు ఉన్ని నూలులో పోగులు అడ్డదిడ్డంగా ఉంటాయి, అందుకే దుప్పటి బొచ్చుగా ఉంటుంది.

మగ్గం నడిపి చూపిస్తే పిల్లలు చెవులు మూసుకున్నారు. ఒక్కదానికే అంత మోత! షెడ్డు నిండా మగ్గాలుంటే, మధ్యలో రోజంతా నిలబడ్డవాళ్లకు చెవుడు రాక ఏమవుతుంది? పాతకాలంలో మిల్లు పిల్లలకు సగం రోజే బడి అని చెబితే మనవాళ్లు తెగ సంబరపడ్డారు. మిగతా సగం మిల్లులో పని అని తెలిశాక ఎవరూ మాట్లాడలేదు.

ఉన్ని ఏరేవాళ్ల కష్టం వేరు. దూరదేశాల నుంచి వచ్చిన అల్పాకా (దక్షిణ అమెరికా జంతువు ఉన్ని), మొహెయిర్ (అంగోరా మేక ఉన్ని) బేళ్లు విప్పినప్పుడు లేచే దుమ్ముతో జబ్బుపడి, కొందరు రోజుల్లోనే చనిపోయేవారు. అది ఆంత్రాక్స్ అని 1880 ప్రాంతంలో ఇక్కడి డాక్టర్ జాన్ హెన్రీ బెల్ తేల్చారు. మన ఊళ్లలో జీవాలకు వచ్చే దొమ్మ రోగమే ఇది.

అక్కడ అందరినీ కూర్చోబెట్టింది మాత్రం కొడుకు దగ్గరికి వచ్చిన మెదక్ జిల్లా పెద్దాయన. కురుమల ఇంట పుట్టిన మనిషి. దక్కనీ గొర్రె నల్ల ఉన్ని ముతకదని, ఆడవాళ్లు వడికితే మగవాళ్లు గుంట మగ్గం మీద గొంగడి నేసేవారని, పడుగుకు చింతగింజల గంజి పట్టించేవారని చెప్పారు. "ఈ నున్నటి బట్ట వానకు ఆగుతదా? గొంగడి ఆగుతది" అన్నారు. పిల్లలు ఆయన్ని అడిగినన్ని ప్రశ్నలు ఇంకెవర్నీ అడగలేదు.

నాకు పదేపదే గుర్తొచ్చేది మరొకటి. 1950, 60ల్లో ఈ ఊరి మిల్లుల్లో రాత్రి షిఫ్టులకు మనుషులు దొరక్కపోతే, ఆ పనికి దిగింది పాకిస్తాన్ వైపు కశ్మీర్‌లోని మీర్పూర్, పంజాబ్, గుజరాత్‌ల నుంచి వచ్చినవాళ్లు. మనలో ఎక్కువమంది ఐటీ, ఆసుపత్రి ఉద్యోగాలతో సూట్‌కేసు పట్టుకుని దిగాం. కరివేపాకు, కందిపప్పు దొరికే కొట్టు అప్పటికే ఉంది. ఆ కొట్లు ఊరికే వెలవలేదు. కాబట్టి ఈ ఊళ్లో మన చరిత్ర మన సంఘంతోనే మొదలైనట్టు వేదికల మీద మాట్లాడటం ఇకనైనా తగ్గిద్దామని నా మనవి.

వచ్చే ఏడు సాల్టెయిర్ వెళ్దామని ప్రతిపాదన. అల్పాకా బట్టతో గడించిన టైటస్ సాల్ట్ 1853లో మిల్లు తెరిచి, పక్కనే కార్మికులకు ఊరు కట్టించారు. అందులో సారాకొట్టు మాత్రం పెట్టనివ్వలేదు. 2001 నుంచి అది యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. రైలు దిగితే నడిచేంత దూరమే. వచ్చేవాళ్లు సర్వసభ్య సమావేశం లోపు పేర్లివ్వండి. ఎవరేం వండుకొస్తారో కూడా అప్పుడే చెప్పండి, ఈసారి అన్ని డబ్బాల్లోనూ పులిహోరే.

ఇట్లు,
కార్యదర్శి