వార్షిక నివేదిక: ఈ ఏడాదంతా ఒక్క సెట్టుతోనే

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన హామ్ రేడియో క్లబ్బు ఏం చేసిందంటే ఒక రేడియో సెట్టు విప్పింది, అంతే. లైసెన్సు పరీక్ష క్లాసులు, ఆదివారం నెట్టు (అందరం ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసి మాట్లాడుకోవడం) ఎప్పటిలాగే నడిచాయి, వాటి గురించి సాగదీయను.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మూలపడ్డ ట్రాలర్ నుంచి మన సభ్యుడొకరు కాగితాలతో సహా ఇప్పించిన పాత మెరైన్ హెచ్‌ఎఫ్ సెట్టు, అంటే ఓడలవాళ్లు దూరం మాట్లాడుకునే షార్ట్‌వేవ్ రేడియో అది. మోస్తే నడుం పట్టేసేంత బరువు. లోపల చూస్తే ఉప్పుగాలికి రిలే కాంటాక్టులు పచ్చబడి, కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి, టూత్‌బ్రష్షులతో తోమడానికే మూడు ఆదివారాలు పట్టింది. 24 వోల్టుల సెట్టు కావడంతో మన 13.8 వోల్టుల సప్లై పనికిరాక రెండు బ్యాటరీలు సిరీస్‌లో కలిపాం.

అసలు తలనొప్పి వేరే. గొంతు క్యారియర్ ఫ్రీక్వెన్సీకి పైపక్కన వెళితే అప్పర్ సైడ్‌బ్యాండు, కిందిపక్కన వెళితే లోయర్. ఓడలవాళ్లు మాట్లాడేది అప్పర్‌లో, 40, 80 మీటర్ల బ్యాండ్లలో మనం మాట్లాడేది లోయర్‌లో. దీంట్లో లోయర్ లేనే లేదు. ఒక్క సైడ్‌బ్యాండునే వదిలే 9 మెగాహెర్ట్జ్ ఫిల్టరుకు ఒక పక్కన, క్యారియర్‌ను పుట్టించే 8998.5 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ ఉంది కాబట్టి రెండో పక్కకు 9001.5ది తెచ్చి, స్విచ్చు పెట్టాం. ఛానెళ్లున్న ఈప్రామ్ (మెమరీ చిప్) తీసి మన ఫ్రీక్వెన్సీలు రాశాం. అవుట్‌పుట్ ఫిల్టర్లను ముట్టుకునే పనే పడలేదు, మన 7 మెగాహెర్ట్జ్‌కు ఓడల 8 మెగాహెర్ట్జ్ ఫిల్టరు, 14కి 16ది సరిపోయాయి, ఇది మాత్రం అదృష్టమే.

మొదటి రోజు 7.090 మెగాహెర్ట్జ్‌లో గంటసేపు పిలిస్తే ఒక్కరూ పలకలేదు. యాంటెన్నా మీద అనుమానంతో డైపోల్ దించి, మళ్లీ కట్టి, చివరికి పక్క సెట్టులో వింటే మనం 3 కిలోహెర్ట్జ్ పక్కన అరుస్తున్నాం! క్రిస్టల్ మారితే ఫ్రీక్వెన్సీ కూడా జరుగుతుందని, ఈప్రామ్‌లో ఆ తేడా సర్దాలని మర్చిపోయింది నేనే. ట్యూనింగ్ 100 హెర్ట్జ్ మెట్లలోనే కదులుతుంది, అవతలివాళ్ల ఫ్రీక్వెన్సీ మీదకు సరిగ్గా రాదు కాబట్టి ఇప్పటికీ కొందరి గొంతు బాతు అరుపులా వస్తుంది, సర్దుకోండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. 2182, 4125, 8291 కిలోహెర్ట్జ్ లాంటి ఆపద ఛానెళ్లతో సహా సముద్రపు ఛానెళ్లన్నీ ట్రాన్స్‌మిట్‌లో తీసేశాం. కొందరికి నచ్చలేదు, 'ఉంటే ఏం పోయింది' అన్నారు. మనవాళ్లెవరో పొరపాటున మైకు నొక్కితే అవతల నిజంగా మునుగుతున్నవాడి గొంతు మీద పడుతుంది, అందుకే. ఈ సెట్టు ఇక ఓడకు పనికిరాదు, ఎవరికీ తిరిగి అమ్మకూడదు.

కొత్తది కొనకుండా ఇంత చాకిరీ ఎందుకని అడిగినవారికి: 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో ఫోన్ల గతి చూశాం కదా. తడికి, కుదుపులకు తట్టుకునేలా కట్టిన సెట్టు ఒకటి బ్యాటరీ మీద సిద్ధంగా ఉండాలి.

ఖర్చుల లెక్క కోశాధికారి సమావేశంలో చదువుతారు. సెట్టు క్లబ్బు గదిలోనే ఉంటుంది, మైకు పట్టేది లైసెన్సు ఉన్నవాళ్లు మాత్రమే. బ్యాటరీల ఛార్జింగుకు వారానికొకరు పేరివ్వాలి, ఇప్పటికి ఇద్దరే ఇచ్చారు.

మీ
కార్యదర్శి