బ్రిటన్‌కు వెళ్లే మా కలంకారీ బట్టల ధరల విషయం

మచిలీపట్నం దగ్గర పెడనలోని మా అద్దకం బట్టలను ఆదరిస్తున్న అందరికీ నమస్కారం.

భారత, బ్రిటన్ దేశాలు 2025 జులై 24న సమగ్ర ఆర్థిక, వాణిజ్య ఒప్పందంపై సంతకాలు చేసినప్పటి నుంచి, ఇక ధరలు తగ్గుతాయా అని బ్రిటన్‌లో ఉన్న మీలో చాలామంది అడుగుతున్నారు. ఉన్నది ఉన్నట్టుగా చెప్పడం నా బాధ్యత.

మన వస్త్రాలపై అక్కడ 12 శాతం వరకు ఉన్న దిగుమతి సుంకాన్ని ఈ ఒప్పందం తొలగిస్తుంది. అది సంతకాలు జరిగిన రోజు నుంచి కాదు, ఒప్పందం అమలులోకి వచ్చిన రోజు నుంచే వర్తిస్తుంది. అయితే ఒక చీరో రెండు దుప్పట్లో తెప్పించుకునేవారికి ఇప్పటికిప్పుడు తేడా కనిపించదు; 135 పౌండ్లకు మించని పార్శిళ్లపై ఆ సుంకం ఇదివరకే లేదు, 20 శాతం వ్యాట్ మాత్రం ఇకముందూ ఉంటుంది. ఈ చిన్న పార్శిళ్ల మినహాయింపును 2029 మార్చిలోగా ఎత్తివేస్తామని బ్రిటన్ ప్రభుత్వం ప్రకటించింది కనుక, ఒప్పందం విలువ మీకు అప్పుడు తెలిసివస్తుంది.

బేళ్లకొద్దీ తీసుకునే దుకాణదారులకు మాత్రం సుంకం డబ్బు మిగులుతుంది. ఆ మిగులులోంచి నాలుగు శాతం మా ధరలో పెంచడానికి అంగీకరించాలని వారిని కోరుతున్నాను. ఆ మొత్తమంతా అద్దకం పనివారి కూలికే చేరుతుంది. గుడ్డను కరక్కాయ, గేదె పాలలో నానబెట్టి ఆరవేసి, టేకు అచ్చుతో ఒక్కో రంగునూ విడిగా అద్ది, పారే నీటిలో ఉతికి, కాగులో రంగు చెక్కలతో ఉడికించి, మళ్లీ ఉతికి ఆరవేసే ఈ పనికి వారాలు పడుతుంది, వానాకాలంలో ఇంకా ఎక్కువ. స్క్రీన్ ప్రింటు బట్ట కలంకారీ పేరుతో చవకగా అమ్ముడవుతున్న చోట, ఈ పనివారి పిల్లలు అచ్చు పట్టుకోవడానికి ఇష్టపడకపోవడం నాకు అన్నింటికంటే పెద్ద దిగులు.

ఈ రెండు దేశాల బట్టల వ్యాపారానికి మా ప్రాంతంతో పాత బంధమే ఉంది. ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకుంది. మన అద్దకం బట్టలకు బ్రిటన్‌లో ఆదరణ పెరిగి స్థానిక నేతగాళ్లు ఆందోళనకు దిగితే, బ్రిటిష్ పార్లమెంటు మొదట 1700లో వాటి దిగుమతిని అడ్డుకుంది, తరవాత 1721లో అద్దకపు నూలు బట్టలు కట్టడాన్నే నిషేధించింది. ఆ నిషేధం 1774 దాకా తొలగలేదు. నాటి నియమాలు ఒక పక్షం రాసుకున్నవి. నేటివి 2022 జనవరి నుంచి ఇరుపక్షాలూ ఎదురెదురుగా కూర్చొని బేరమాడి తేల్చుకున్నవి కనుకనే వీటిపై నాకు నమ్మకం ఉంది. సరుకుకు తెరుచుకున్న దారి మనుషులకు అంతగా తెరుచుకోకపోవడం మాత్రం బాధాకరం. మా అద్దకం పెద్దాయన ఒకరు అక్కడి ప్రదర్శనలో పనితనం చూపించవలసి ఉండగా, వీసా రాక ఆగిపోయారు.

సుంకం రాయితీకి సరుకు భారతదేశంలోనే తయారైందని చూపే పత్రం తప్పనిసరి. పోయిన ఏడాది బిల్లులో వస్త్రం వివరణను నేను సరిగా రాయనందువల్ల ఒక దుకాణం బేళ్లు పన్నెండు రోజులు అక్కడి రేవులో నిలిచిపోయాయి. ఆ తప్పు పూర్తిగా నాదే, అందుకు క్షమాపణ కోరుతున్నాను. ఇకపై ప్రతి బేలు పత్రాలనూ పంపడానికి ముందే మీకు చూపించి, మీరు సరేనన్నాకే ఓడకు ఎక్కిస్తాము.

దుకాణదారులు నాలుగు శాతం విషయంలో తమ అభిప్రాయాన్ని సంక్రాంతిలోగా తెలియజేయగలరు. చిన్న పార్శిళ్ల ధరలు ఈ ఏడాది మారవు.