మచ్చ సైజు చూసి చెయ్యి రాదనేస్తే ఎలా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ హెల్త్ పేజీలో పక్షవాతం గురించి వేసింది చదివాను, బానే ఉంది కానీ స్కాన్ తీస్తే పడిపోయిన చెయ్యి వస్తుందో రాదో తెలిసిపోతుంది అన్నట్టు రాశారు చూడండి, దాని గురించే ఈ ఉత్తరం. నేను ఫిజియోథెరపీ చేస్తాను. వచ్చేవాళ్ళలో చాలామంది కూర్చోకముందే ఫిల్మ్ కవర్ చేతికిచ్చి "మచ్చ చాలా పెద్దదంట, ఇంక చెయ్యి రాదు కదండీ" అంటారు. పేషెంట్ చెయ్యి నేనింకా పట్టుకుని చూడనే లేదు!

మచ్చ అంటే స్కాన్‌లో కనిపించే, మెదడులో దెబ్బతిన్న చోటు. అది ఎంతుంది అనేదానికంటే ఎక్కడుంది అనేది ముఖ్యం. చేతిని కదిలించే నరాల దారి మెదడు పైపొరలో మొదలై ఇంటర్నల్ క్యాప్సూల్ అనే ఇరుకు సందులోంచి కిందికి దిగుతుంది, మెదడు అడుగున ఉండే మెడుల్లా దగ్గర చాలావరకు అవతలి వైపుకి దాటుతుంది, అందుకే ఎడమ మెదడుకి దెబ్బ తగిలితే కుడి చెయ్యి పడిపోతుంది. ఆ సందులో బఠాణీ గింజంత మచ్చ పడినా చెయ్యీ కాలూ రెండూ పోవచ్చు, ఆ దారికి దూరంగా అంతకు పదింతలది ఉన్నా చెయ్యి మామూలుగానే ఆడొచ్చు.

ఇంకోటి, పైపొరలో చేతి కోసమే ఒక చిన్న బుడిపె ఉంటుంది, హ్యాండ్ నాబ్ అంటారు, ఎమ్మారైలో ఎలా గుర్తుపట్టాలో 1997లో వివరంగా రాశారు. అక్కడ చిన్న క్లాట్ (రక్తం గడ్డ) పడితే మాటా మూతీ కాలూ అన్నీ బాగుండి ఒక్క చెయ్యే వేలాడిపోతుంది, ఇంట్లోవాళ్ళేమో నిద్రలో నరం ఒత్తుకుందిలే సర్దుకుంటుంది అని ఊరుకుంటారు. పైగా మొదటి గంటల్లో తీసిన సీటీ నార్మల్ అని రావచ్చు, రక్తస్రావం ఉందా లేదా అన్నది సీటీ బాగా చెప్తుంది గానీ కొత్త క్లాట్ దెబ్బ డిఫ్యూజన్ అనే రకం ఎమ్మారైలోనే త్వరగా బయటపడుతుంది. అసలు మీరు ముందు రాయాల్సింది ఇది.

మీరు వేసిన ఎరుపూ పసుపూ బొమ్మ ఫంక్షనల్ ఎమ్మారైది. అందులో కనిపించేది రక్తంలో ఆక్సిజన్ మార్పు, నరాలు పనిచేయడం నేరుగా కాదు. దెబ్బతిన్న చేతి వేళ్ళు కదిపితే మొదట్లో చాలామందికి మెదడు రెండు పక్కలా వెలుగుతుంది, బాగా కోలుకున్నవాళ్ళలో మెల్లగా దెబ్బతిన్న పక్కకే తిరిగొస్తుంది. రీసెర్చ్‌కి చాలా మంచిదే, కానీ వేళ్ళే కదలని మనిషిని మెషీన్‌లో పడుకోబెట్టి వేళ్ళు కదుపు అంటే ఏం లాభం?

మేం చూసేది వేరేగా ఉంటుంది, స్ట్రోక్ వచ్చిన మూడో రోజుకల్లా భుజం పక్కకి కాస్తయినా లేస్తోందా, ముడుచుకున్న వేళ్ళు కాస్తయినా తెరుచుకుంటున్నాయా. ఆ కాస్త ఉంటే చాలా ఆశ ఉన్నట్టే. అది లేకపోయినా తల మీంచి అయస్కాంత పల్స్ ఇచ్చి చేతి కండరం స్పందిస్తోందా అని చూసే పరీక్ష ఉంది, స్పందిస్తే దారి పూర్తిగా తెగలేదని అర్థం.

2006లో వచ్చిన ఎక్సైట్ అనే పరిశోధనలో స్ట్రోక్ వచ్చి 3 నుంచి 9 నెలలైనవాళ్ళకి, మణికట్టూ వేళ్ళూ కొంచెం ఆడుతున్నవాళ్ళకి, మంచి చేతిని కట్టిపెట్టి రెండు వారాలు పడ్డ చేతితోనే పనులు చేయిస్తే మెరుగుపడ్డారు. మరి మొదటి రోజు ఫిల్మ్ చూసి ఎక్సర్‌సైజులు మానేసినవాళ్ళ సంగతేంటి?

ఈసారి మెదడు బొమ్మ వేస్తే అది ఏ స్కానో, స్ట్రోక్ వచ్చాక ఎన్నో రోజున తీసిందో కిందొక లైన్ రాయండి సార్.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక ఫిజియోథెరపిస్ట్